జాతర సెషన్‌కి సరదా పోటీలు: ఒక్క పాచిక రోల్‌తో తేలిపోకుండా ఎలా డిజైన్ చేయాలి?

మూడోలెవెల్_డీఎమ్ అడిగారు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఆదివారాలు ఐదుగురికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసి పాచికలతో నడిపే కథల ఆట) డీఎమ్‌గా, అంటే ఆట నడిపే మనిషిగా, ఆడిస్తున్నాను, ఐదో ఎడిషన్, 2014 రూల్స్. పార్టీ మూడో లెవెల్‌లో ఉంది: బార్బేరియన్ (కండబలం ఉన్న వీరుడు), విజార్డ్ (మంత్రగాడు), హాఫ్లింగ్ రోగ్ (పొట్టి జాతి దొంగ), బార్డ్ (పాటగత్తె), విల్లు పట్టుకునే ఫైటర్. గత కొన్ని సెషన్లుగా సమాధులు, శవాలు, శాపాలే నడిచాయి, అందరూ బాగా టెన్షన్‌లో ఉన్నారు. అందుకే వచ్చే సెషన్‌లో వాళ్ళు కొండ దిగేసరికి ఒక ఊళ్ళో కోతల పండగ జాతర జరుగుతూ ఉంటుంది. చెయ్యి పట్టు, తిండి పోటీ, విలువిద్య, పాటల పోటీ లాంటివి పెడదామనుకుంటున్నాను. ఎవరూ చావరు, ప్రపంచం మునిగిపోదు, హాయిగా నవ్వుకునే సెషన్ కావాలి.

సమస్య ఏంటంటే, వేరే టేబుల్‌లో ప్లేయర్‌గా ఆడినప్పుడు ఇలాంటి జాతరే వచ్చింది. "అథ్లెటిక్స్ రోల్ చెయ్, పదిహేడా, సరే గెలిచావ్, తర్వాత ఎవరు?" అంటూ పది నిమిషాల్లో నాలుగు పోటీలు అయిపోయాయి, ఒక్కటీ గుర్తులేదు. అలా కాకుండా పోటీలో ఆట ఉండాలి. అలాగని ప్రతి దానికీ రెండు పేజీల రూల్స్ రాస్తే మా వాళ్ళు చదవరు. మీరు ఎలా చేస్తారు? మా బార్డ్ ఆడే అమ్మాయికి కొంచెం బిడియం, అందరి ముందు పాడమంటే పాడదు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాచికలసంచి:

ముందు ఆ ఒక్క రోల్ ఎందుకు చప్పగా ఉంటుందో లెక్క చూద్దాం, అది తెలిస్తే మిగతాది సులువు. మీ బార్బేరియన్‌కి అథ్లెటిక్స్ (కండబలం) +5, అంటే పాచికకి ఐదు కలుపుతాడు అనుకోండి, ఎదురుగా ఊరి మిల్లు నడిపే మనిషికి +0. ఇద్దరూ డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తే బార్బేరియన్ గెలిచే అవకాశం 70 శాతం, సమం అయ్యేది దాదాపు 4, ఓడిపోయేది 26. అంటే నాలుగుసార్లలో ఒకసారి ఊళ్ళో పిండి మర పట్టేవాడి చేతిలో బార్బేరియన్ ఓడిపోతాడు. యుద్ధంలో అయితే ఎన్నో రోల్స్ ఉంటాయి కాబట్టి ఈ ఎగుడుదిగుడు సర్దుకుంటుంది. ఒక్క రోల్‌లో సర్దుకోదు. మూడింట్లో రెండు గెలవాలి అని పెట్టి, సమం అయితే మళ్ళీ వేయిస్తే బార్బేరియన్ అవకాశం 82 శాతం దాకా పోతుంది, ఐదింట్లో మూడు అంటే 87. బలవంతుడు బలవంతుడిలాగే కనిపిస్తాడు, బలహీనుడికి ఆశ కూడా మిగులుతుంది. అందుకే నేనెప్పుడూ కనీసం మూడు రౌండ్లు పెడతాను.

కానీ ఊరికే మూడుసార్లు పాచిక వేయించినా ఆట రాదు. ప్రతి రౌండ్‌కి ముందు ప్లేయర్ ఒక నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం వల్ల ఏదో ఒకటి మారాలి. చెయ్యి పట్టుకి నేను వాడేది ఇది: ఇద్దరూ మూడింట్లో ఒకటి ఎంచుకుని వేళ్ళతో ఒకేసారి చూపిస్తారు. ఒక వేలు అంటే నెట్టడం, రెండు అంటే బిగబట్టి ఆపడం, మూడు అంటే కళ్ళలోకి చూసి బెదిరించడం. నెట్టేవాడికి బెదిరించేవాడి మీద +3, బెదిరించేవాడికి ఆపేవాడి మీద +3, ఆపేవాడికి నెట్టేవాడి మీద +3. నెట్టేవాడు అథ్లెటిక్స్ వేస్తాడు, ఆపేవాడు కాన్‌స్టిట్యూషన్ (ఒంటి ఓర్పు), బెదిరించేవాడు ఇంటిమిడేషన్. దీనివల్ల ఏమవుతుందంటే, కండలేని బార్డ్ కూడా చెయ్యి పట్టులో కూర్చోవచ్చు, బెదిరిస్తూ ఒక రౌండ్ లాగేయొచ్చు. రూల్ మొత్తం ఒక చీటీ మీద పడుతుంది.

విలువిద్యకి ఇంకా సులువు, ఎంత దూరంలో గురి పెట్టాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. దగ్గరి గురికి ఏసీ (తగలాలంటే కనీసం రావాల్సిన అంకె) 10, తగిలితే 2 పాయింట్లు. మధ్యదానికి ఏసీ 15, 3 పాయింట్లు. దూరపుదానికి ఏసీ 20, 5 పాయింట్లు. ఒక్కొక్కరికి మూడు బాణాలు, వంతులవారీగా వేయాలి, ఒకడివి మూడూ అయ్యాక ఇంకొకడు అని కాదు. +5 ఉన్నవాడికి వీటిలో తగిలే అవకాశం 80, 55, 30 శాతం, అంటే సగటున ఒక బాణానికి 1.6, 1.65, 1.5 పాయింట్లు. దాదాపు సమానం. కావాలనే అలా పెట్టాను. ఏ గురి మంచిదో లెక్క చెప్పదు, స్కోరు చెబుతుంది. ముందున్నవాడు దగ్గర గురి చూసి జాగ్రత్తగా ఆడతాడు, నాలుగు పాయింట్లు వెనకున్నవాడికి ఆఖరి బాణంతో దూరం కొట్టడం తప్ప దారి ఉండదు. టేబుల్ చుట్టూ అందరూ లేచి నిలబడేది అప్పుడే. మీ ఫైటర్‌కి ఆర్చరీ స్టైల్ (విలువిద్యలో ప్రత్యేక నైపుణ్యం) ఉండి +7 అయితే దూరపు గురి అతనికే ఎక్కువ లాభం, అదీ న్యాయమే, నేర్చుకున్న విద్య ఎక్కడో ఒకచోట అక్కరకు రావాలి కదా.

గుంటూరు_గోబ్లిన్:

లెక్కలు బాగున్నాయి అన్నా, ఏసీ పాయింట్లు రాసి పెట్టుకున్నా. నేను తిండి పోటీ గురించి చెప్తా, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, ఎందుకంటే అందులో మోసం చేయొచ్చు.

పద్ధతి: ప్రతి రౌండ్‌లో ప్లేయర్ "నిదానంగా" అంటే ఒక పళ్ళెం, "దూకుడుగా" అంటే రెండు. కాన్‌స్టిట్యూషన్ సేవ్ (తట్టుకోడానికి వేసే రోల్), డీసీ (కనీసం రావాల్సిన అంకె) 8తో మొదలు, రౌండ్‌కి 2 చొప్పున పెరుగుతుంది, దూకుడుకి ఇంకో 3 కలపాలి. మొదటిసారి ఫెయిలైతే గొంతుదాకా వచ్చినట్టు, ఇక నుంచి డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి). రెండోసారి ఫెయిలైతే బయటికి. ఎవరు ఎక్కువ పళ్ళాలు ఖాళీ చేస్తే వాళ్ళది గెలుపు, ఆఖరిదాకా కూర్చున్నవాడిదే అని కాదు, అది ముఖ్యం, లేకపోతే అందరూ నిదానంగానే తింటారు.

ఇప్పుడు మోసం. బల్ల కింద కుక్క ఉందని ముందే చెప్పండి, ఇంకేం చెప్పొద్దు. రోగ్ తనంతట తానే అడుగుతాడు. స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) వేసి జడ్జి పాసివ్ పర్సెప్షన్ (చూపు ఎంత చురుకో చెప్పే అంకె) దాటితే ఆ రౌండ్‌కి సేవ్ అక్కర్లేదు. మామూలు ఊరి మనిషికి పాసివ్ పర్సెప్షన్ 10, మూడో లెవెల్ రోగ్‌కి అది ఒక లెక్క కాదు, కాబట్టి జడ్జిగా డేగకళ్ళ ముసలమ్మని పెట్టి 14 ఇవ్వండి, ప్రతి మోసానికీ ఆవిడ అనుమానం 2 పెరగాలి. అలా పెరుగుతోందని ప్లేయర్లకి చూపించాలి, ముసలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది, కుక్కని పేరు పెట్టి పిలిచింది, ఇలా.

విజార్డ్‌కి ప్రెస్టిడిజిటేషన్ ఉంటే పండగే. ప్రాణం లేని వస్తువు ఒక ఘనపుటడుగు వరకు రుచి మార్చొచ్చు, గంటసేపు ఉంటుంది. అవతలివాడి పళ్ళెం కాకరకాయ రసంలా చేస్తే వాడికి ఒక రౌండ్ డిసడ్వాంటేజ్. కానీ ఆ క్యాంట్రిప్‌కి (చిన్న మాయ) మంత్రం పైకి చదవాలి, చేత్తో సైగా చేయాలి. జనం మధ్యలో అది ఎలా చేస్తావు? ఇక్కడే మిగతా ప్లేయర్లు పనికొస్తారు, బార్డ్ అటు పక్క గొడవ మొదలుపెట్టాలి, బార్బేరియన్ అడ్డంగా నిలబడాలి. పోటీలో కూర్చున్నది ఒక్కడే అయినా ఐదుగురూ ఆడుతున్నట్టే. మేజ్ హ్యాండ్ (గాల్లో తేలే మాయ చెయ్యి) మాత్రం కుదరదు, ఆ చెయ్యి అందరికీ కనిపిస్తుంది.

ఇంకొకటి, తిన్న తర్వాత ఫలితం ఉండాలి. దెబ్బలు, ఎగ్జాషన్ (అలసట) లాంటివి వద్దు, సరదా పోతుంది. ఐదు పళ్ళాలు దాటినవాడికి ఆ పూట పరుగు, గెంతు పోటీల్లో డిసడ్వాంటేజ్ అని ముందే చెప్పేయండి. ఏ పోటీలో ఎవరు, ఏ వరసలో దిగాలి అని వాళ్ళలో వాళ్ళు తర్జనభర్జన పడతారు, మీరు నీళ్ళు తాగి రావచ్చు.

మూడోలెవెల్_డీఎమ్:

కుక్క విషయం సూపర్, తప్పకుండా పెడతాను. పాచికలసంచి గారూ, విలువిద్య పాయింట్లు యథాతథంగా వాడుకుంటున్నాను. ఒక సందేహం, ఒకరు పోటీ పడుతుంటే మిగతా నలుగురు ఫోన్లు చూసుకుంటారేమో అని భయం. సెషన్ మూడు గంటలే.

డాలస్_డ్రూయిడ్:

పైన ఇద్దరూ చెప్పినవి మంచివే కానీ నేను కొంచెం వేరుగా చెప్తాను. మూడు గంటల్లో ఇవన్నీ ఇదే వివరంతో ఆడిస్తే రెండో పోటీ అయ్యేసరికి అలిసిపోతారు. ఇక్కడ మా టేబుల్‌లో వారానికి దొరికేదే ఆ కాస్త టైమ్, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి కూర్చుంటాం, అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. రెండు పోటీలు మాత్రమే వివరంగా పెట్టండి, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. మిగతావి నిజంగానే ఒక్క రోల్‌తో తేల్చేయండి, అందులో తప్పేమీ లేదు. పంది పిల్లని పట్టుకునే పోటీకి రూల్స్ ఎందుకు? అందరూ ఒకేసారి రోల్ చేయండి, తక్కువ వచ్చినవాడు బురదలో ఎలా పడ్డాడో తనే చెప్పాలి, ఎక్కువ వచ్చినవాడి చేతిలో పంది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలే నెల తర్వాత కూడా చెప్పుకుంటారు.

ఫోన్ల సమస్యకి నా జవాబు: పోటీలో లేని ప్లేయర్లకి ప్రత్యర్థుల్ని ఇచ్చేయండి. చిన్న కార్డు మీద మూడు ముక్కలు: ఎవరు, బోనస్ ఎంత, ఏం కావాలి. "కమ్మరి కూతురు, +4, పోయినేడు ఓడించినవాడి మీద పగ." "పూజారి, +1, గెలిస్తే గుడి కప్పు వేయించాలని ఉంది." బార్బేరియన్‌తో చెయ్యి పట్టు పట్టేది మీరు కాదు, ఎదురుగా కూర్చున్న స్నేహితుడే. డీఎమ్ మీద గెలవడం కన్నా స్నేహితుడి మీద గెలవడంలో ఉత్సాహం వేరు. పైగా మీకు ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎన్‌పీసీల (డీఎమ్ ఆడే పాత్రల) గొంతులు మార్చే బాధ తప్పుతుంది. పూజారిని ఆడినవాడు నిజంగా గుడి కప్పు కోసం బతిమాలడం మొదలుపెడితే, ఎదుటివాడు కావాలని ఓడిపోవడం కూడా మా దగ్గర జరిగింది. నాకు ఆ సెషన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే.

పందేలు కూడా కాయనివ్వండి, కానీ హద్దు పెట్టండి. రూల్స్ ప్రకారం పని నేర్చినవాడి రోజు కూలి 2 బంగారు నాణేలు, మామూలు కూలీకి 2 వెండి. మీ పార్టీ దగ్గర వందల నాణేలు ఉంటాయి, ఊరివాళ్ళ దగ్గర ఉండవు. అందుకని పందెం 1 బంగారు నాణెం మించకూడదని ఊరిపెద్ద నియమం పెట్టాడనండి, లేకపోతే మీ రోగ్ ఊరు ఊరంతా కొనేస్తాడు.

నిషిద్ధాక్షరి:

బార్డ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పాటల పోటీ అనగానే పెర్ఫార్మెన్స్ రోల్ వేయించి వదిలేస్తారు, లేదా ప్లేయర్‌నే పాడమంటారు. రెండూ వద్దు. మనకి ఇంట్లోనే అంతకంటే గొప్ప నమూనా ఉంది, అష్టావధానం. చిన్నప్పుడు మా తాతయ్యతో వెళ్ళి చూసేదాన్ని, పద్యాలు సగం అర్థమయ్యేవి కావు కానీ అది ఆటలాగే అనిపించేది. ఒక మనిషి, చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా అడ్డం పడతారు, అయినా అవధాని అన్నీ గుర్తుపెట్టుకుని చివర ధారణ చేయాలి. ఇంతకంటే చక్కని పోటీ ఏ ఫాంటసీ ఊళ్ళోనైనా ఉంటుందా!

ఎనిమిదీ అక్కర్లేదు, నాలుగు చాలు. పృచ్ఛకులు మిగతా నలుగురు ప్లేయర్లు, అంటే డీఎమ్ గారు అడిగిన ఫోన్ల సమస్య కూడా ఇక్కడే తీరిపోతుంది.

దత్తపది: ఒక ప్లేయర్ సంబంధం లేని నాలుగు మాటలు ఇస్తారు, ఉదాహరణకి దోమ, డ్రాగన్, పెళ్ళి, ఉల్లిపాయ. బార్డ్ ఆడే అమ్మాయి ఆ నాలుగూ వచ్చేలా ఊరిపెద్దని పొగుడుతూ ఒకటి రెండు వాక్యాలు చెప్పాలి. మామూలు మాటల్లోనే, పాడక్కర్లేదు, ఛందస్సు అక్కర్లేదు. చెప్పగలిగితే పెర్ఫార్మెన్స్ రోల్‌కి అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది), చెప్పలేకపోతే మామూలు రోల్. శిక్ష ఉండదు, లాభమే ఉంటుంది, బిడియం ఉన్నవాళ్ళకి అదే కావాలి. ఆ రోజు మాట్లాడాలనిపించకపోతే నేరుగా రోల్ చేసుకోవచ్చని ముందే చెప్పండి.

సమస్య: రెండో ప్లేయర్ అర్థంపర్థం లేని ఒక వాక్యం ఇస్తారు, "రాజుగారి గుర్రం గుడ్డు పెట్టింది" లాంటిది. దానికి ముందు ఇంకో వాక్యం చేర్చి అర్థం వచ్చేలా చేయాలి. ఇక్కడ ఇంటెలిజెన్స్ రోల్, డీసీ 13, మంచి జవాబు చెబితే రోల్ కూడా వద్దు.

అప్రస్తుత ప్రసంగం: దీన్ని మీ గుంపులో అందరికంటే వాగుడుకాయకి ఇవ్వండి. బార్డ్ ఆలోచిస్తున్నప్పుడల్లా "అమ్మా, మీ ఊళ్ళో ఎల్ఫులు చెవులకి ఏ నూనె రాస్తారు?" లాంటి ప్రశ్నలు వేస్తూనే ఉండాలి. బార్డ్ జవాబిచ్చి తీరాలి. ప్రతి అంతరాయానికీ కాన్‌స్టిట్యూషన్ సేవ్, డీసీ 10, కాన్సంట్రేషన్ నిలుపుకోడానికి వేసేదాని లాగే. ఫెయిలైతే తర్వాతి రోల్‌కి డిసడ్వాంటేజ్. మూడుసార్లకి మించి అడ్డం పడకూడదు.

ఘంటాగణనం: నాకు అన్నిటికన్నా ప్రియమైనది. దీనికి పాచికే లేదు. నాలుగో ప్లేయర్ చేతికి స్టీలు గ్లాసు, చెంచా ఇవ్వండి. పోటీ జరుగుతున్నంతసేపూ ఎప్పుడు పడితే అప్పుడు ఒక్కో దెబ్బ కొట్టాలి, మొత్తం ఎన్ని కొట్టాడో కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. అంతా అయ్యాక బార్డ్ ఆ లెక్క చెప్పాలి, దత్తపదిలో ఇచ్చిన నాలుగు మాటలూ వరసగా అప్పజెప్పాలి. అదే ధారణ. రెండూ సరిగ్గా చెబితే స్కోరు ఎంతున్నా పోటీ ఆమెదే. టేబుల్ దగ్గర ఆ నిమిషంలో ఎవరూ ఊపిరి కూడా పీల్చరు, పృచ్ఛకులుగా అడ్డం పడినవాళ్ళే ఆమె చెప్పేయాలని లోలోపల కోరుకుంటారు.

గుంటూరు_గోబ్లిన్:

అక్కా, ఇది మాత్రం అదిరింది. ఘంటాగణనం మా కాంపెయిన్‌లో రాజదర్బారుకి తీసుకెళ్తున్నా, ఏమీ అనుకోవద్దు.

దీనికి తోడు ఉట్టి కూడా పెట్టొచ్చు. కృష్ణాష్టమికి మన ఊళ్ళల్లో తాడుతో ఉట్టిని పైకీ కిందకీ లాగుతుంటారు కదా, పైగా మొహాన నీళ్ళు. మీరు గుప్పిట్లో డీ6 దాచండి: 1, 2 అయితే ఉట్టి కిందకి వస్తుంది, 3, 4 మధ్యలో, 5, 6 పైకి. ప్లేయర్ ముందే ఊహించి చెప్పాలి. సరిగ్గా చెబితే డీసీ 10, తప్పైతే 15. ఎత్తు మాత్రం చూసి పెట్టండి, 2014 రూల్స్‌లో పరిగెత్తి ఎగిరితే 3 అడుగులకి స్ట్రెంగ్త్ మోడిఫయర్ (బలాన్ని బట్టి వచ్చే బోనస్) కలిపినంత, దానికి తన ఎత్తుకి ఒకటిన్నర రెట్లు కలిపితే చెయ్యి అందే చోటు. స్ట్రెంగ్త్ 16 ఉన్న ఆరడుగుల బార్బేరియన్‌కి 15 అడుగులు అందుతుంది. మూడడుగుల హాఫ్లింగ్‌కి స్ట్రెంగ్త్ 8 అయితే ఆరున్నర. కాబట్టి 15 అడుగులకి కాస్త పైన కట్టండి, ఎవరికీ ఒంటరిగా అందకూడదు, హాఫ్లింగ్ బార్బేరియన్ భుజాలెక్కక తప్పదు.

మూడోలెవెల్_డీఎమ్:

నాకు కావలసినదానికంటే ఎక్కువే దొరికింది, అందరికీ థాంక్స్. వివరంగా ఆడించేవి రెండే: తిండి పోటీ, అవధానం. విలువిద్య మధ్యలో చిన్నగా, పంది ఒక్క రోల్. ఉట్టి టైముంటే. ఆఖరుగా రెండు ప్రశ్నలు. బహుమతిగా ఏమిస్తే బాగుంటుంది? మ్యాజిక్ వస్తువు ఇస్తే సరదా పోటీ కాస్తా సీరియస్ అయిపోతుందేమో. రెండోది, మా విజార్డ్ కచ్చితంగా జడ్జి మీద చార్మ్ పర్సన్ (మనిషిని తనవైపు తిప్పుకునే మంత్రం) వేస్తాడు, ఆపాలా?

డాలస్_డ్రూయిడ్:

మ్యాజిక్ వస్తువు వద్దు, మీ అనుమానం నిజమే. ప్రాణమున్నది ఏదైనా ఇవ్వండి. ధరల పట్టికలో మేక 1 బంగారు నాణెం, పంది 3, ఆవు 10, ఎద్దు 15. డబ్బుగా చూస్తే చాలా తక్కువ, కానీ ఎద్దు గెలిచిన పార్టీ దానికి పేరు పెడుతుంది, తర్వాతి గుహ బయట దాన్ని ఎక్కడ కట్టేయాలని అరగంట చర్చిస్తుంది. ఓడినవాళ్ళకి కూడా ఏదో ఒకటి దక్కాలి. కమ్మరి కూతురు వచ్చి ఓడిన బార్బేరియన్‌కి గొడ్డలి ఉచితంగా పదును పెట్టి, వచ్చే ఏడు మళ్ళీ రమ్మంటుంది.

చార్మ్ పర్సన్ ఆపొద్దు. జడ్జి ముసలమ్మకి విజ్‌డమ్ సేవ్ వేయండి, ఫెయిలైతే ఫెయిల్. ఆ స్పెల్ గంటసేపే ఉంటుంది, అయిపోగానే తన మీద ఎవరు మంత్రం వేశారో ఆవిడకి తెలిసిపోతుంది. బహుమతులు సాయంత్రం దీపాలు పెట్టాక, అంటే గంటన్నర తర్వాత ఇస్తారని సెషన్ మొదట్లోనే దండోరా వేయించండి. వేసేముందు విజార్డ్ ఆ లెక్క చూసుకున్నాడా లేదా అన్నది అతని ఇష్టం.